చట్టాలు రాసిపెట్టే సంస్థని ఎవరు నిలదీయాలి?

2005 ఆగస్టులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వానికి 2 కోట్ల 65 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడి ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఆండ్రే ష్లైఫర్ తన వంతుగా 20 లక్షల డాలర్లు కడతానన్నారు. లాయరు జొనాథన్ హే తన సంపాదనని బట్టి 10 లక్షల నుంచి 20 లక్షల మధ్య కట్టాలని రాసుకున్నారు. తప్పు చేశామని వీళ్లెవరూ ఒప్పుకోలేదు, కేసు రాజీతో ముగిసింది. రష్యా కమ్యూనిజం నుంచి మార్కెట్‌కి మారుతున్న రోజుల్లో, ఆ దేశానికి కొత్త ఆర్థిక ఏర్పాట్లూ కొత్త చట్టాలూ అమర్చిపెట్టడానికి అమెరికా ప్రజల డబ్బుతో వెళ్లిన ఒక సంస్థ మీద నడిచిన కేసు అది. ఆ సంస్థ పేరు హార్వర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్, పొట్టిగా హెచ్‌ఐఐడి.

ఈ కథని మామూలుగా రెండు రకాలుగా చెప్పుకుంటారు. రష్యాని దెబ్బతీయడానికి అమెరికా పన్నిన పన్నాగమని కొందరు అంటారు. మంచి పని జరుగుతుంటే ఇద్దరు మనుషులు ఆశపడి చెడగొట్టారని మరికొందరు. రెండూ నాకు మింగుడుపడవు. పన్నాగమే అయితే అమెరికా ప్రభుత్వమే కోర్టుకి ఎందుకెళుతుంది? ఇద్దరి ఆశే అయితే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకుండా ఎలా సాగింది? ఆ సంస్థని నిలబెట్టిన తీరులోనే జబ్బు ఉందని నేను అంటాను. సలహా ఇచ్చేది వాళ్లే, చట్టం ముసాయిదా రాసేది వాళ్లే, సాయం డబ్బు ఎటు వెళ్లాలో చెప్పేది వాళ్లే. ఆ చట్టాలు అమలయ్యే మార్కెట్‌కి అందరికన్నా దగ్గరగా ఉన్నదీ వాళ్లే. ఆ చట్టాల కింద బతకాల్సిన జనానికి మాత్రం వాళ్లని పిలిచి “ఇదేమిటి?” అని అడిగే దారి ఒక్కటీ లేదు.

నాకెందుకు ఈ గొడవంతా అంటే, రెండు కారణాలున్నాయి. కోస్తాలో ఎన్నో ఇళ్లల్లాగే మా ఇంటికీ ‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చేది. దాని నున్నటి కాగితం మా స్కూలు పుస్తకాలకి అట్టలయ్యేది. విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా దొరికే మాస్కో అచ్చు తెలుగు పుస్తకాలు చదువుకుంటూ పెరిగాను. 1991 డిసెంబరులో ఆ సోవియట్ దేశమే లేకుండా పోయింది. మా నాన్నకి పార్టీ గురించి కన్నా ఆస్తుల గురించి బెంగ ఎక్కువగా ఉండేది. “ఆ ఫ్యాక్టరీలన్నీ ఇప్పుడు ఎవరివిరా?” అని పేపరు చూస్తూ అడుగుతుండేవారు. రెండో కారణం నా వృత్తి. నేను కంపెనీ సెక్రటరీని. వాటాదారుల మీటింగులకి నోటీసులు పంపడం, తీర్మానాలు రాయడం, రిజిస్టర్లు సరిచూడడం నా రోజువారీ పని. అందుకే నాన్న అడిగిన ప్రశ్న తర్వాత్తర్వాత నాకు చట్టం ప్రశ్నగా కూడా కనిపించడం మొదలైంది.

1991 నవంబరులో అనతోలి చుబైస్ రష్యా ప్రభుత్వ ఆస్తుల కమిటీకి అధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 36. 1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు ఇరవై రెట్లకు పైగా పెరిగాయి. ముసలివాళ్లు బ్యాంకు పుస్తకంలో దాచుకున్న సొమ్ము బస్సు టికెట్లకి కూడా చాలని స్థితికి వచ్చింది. మరోపక్క ఫ్యాక్టరీల డైరెక్టర్లు సరుకుని, యంత్రాలని, బ్యాంకు నిల్వల్ని సొంత కంపెనీల్లోకి మళ్లించుకోవడం అంతకు ముందే మొదలుపెట్టారు. ఏదో ఒకటి త్వరగా చేయకపోతే పంచడానికి ఏమీ మిగలదని సంస్కర్తలు భయపడ్డారు. ఆ భయం నిజమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను.

ఆ సమయంలో వచ్చింది హెచ్‌ఐఐడి. 1992 నుంచి 1997 దాకా అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నుంచి దానికి 4 కోట్ల డాలర్లకు పైగా అందాయి. అందులో ఎక్కువ భాగం పోటీ టెండర్లు లేకుండానే. అంతేకాదు, రష్యా సంస్కరణల కోసం ఇతర కంపెనీలకి వెళ్లే సాయం మీద కూడా దానికి పర్యవేక్షణ అప్పగించారు. అంటే గ్రాంటు తీసుకునే సంస్థే మిగతా గ్రాంటుల మీద అజమాయిషీ చేసిందన్నమాట. 1996 నవంబరులో అమెరికా పార్లమెంటుకి లెక్కలు తనిఖీ చేసిపెట్టే జీఏవో ఈ వ్యవహారం మీద నివేదిక ఇస్తూ, హార్వర్డ్ మీద యూఎస్‌ఎయిడ్ అదుపు సడలిపోయిందని చెప్పింది. ఆడిటర్లు అలాంటి మాట ఊరికే రాయరు.

మాస్కోలో ఈ పనికి రెండు సంస్థలు ఆధారం. ఒకటి రష్యన్ ప్రైవేటైజేషన్ సెంటర్. అది అధ్యక్షుడి డిక్రీతో, అంటే పార్లమెంటు ఓటు లేకుండా ఇచ్చే ఆదేశంతో, పుట్టింది. కాగితం మీద లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ, చేసే పని మాత్రం ప్రభుత్వానిది. విదేశీ సాయం, అప్పులు నేరుగా దాని ఖాతాకే వచ్చేవి. రెండోది ఇన్‌స్టిట్యూట్ ఫర్ లా-బేస్డ్ ఎకానమీ, అంటే చట్టం మీద నిలబడే ఆర్థిక వ్యవస్థ కోసం పనిచేసే సంస్థ. వాటాల మార్కెట్‌కి కావలసిన చట్టాలు, నియమాలు రాయడం దాని పని. ఇలాంటి ఏర్పాటులో ఒక సుఖం ఉంది, మంత్రిత్వ శాఖల ఫైళ్ల గొడవ ఉండదు. ఒక ప్రమాదమూ ఉంది. ప్రభుత్వ ఆఫీసైతే పార్లమెంటు కమిటీ పిలిచి లెక్క అడుగుతుంది. ప్రైవేటు సంస్థైతే దాని వాటాదారులో సభ్యులో అడుగుతారు. రెండూ కాని దాన్ని ఎవరూ అడగరు. నా వృత్తిలో ఇలాంటి నిర్మాణం కనిపిస్తే నేను ముందు చూసేది సంతకం ఎవరిదని. ఇక్కడ సంతకాలన్నీ తిరిగి తిరిగి అదే పిడికెడుమంది దగ్గరికి చేరాయి.

ఆస్తుల పంపకం వోచర్లతో, అంటే ప్రభుత్వ కంపెనీల వాటాలు తీసుకోవడానికి పనికొచ్చే కాగితాలతో, మొదలైంది. 1992 అక్టోబరు 1 నుంచి బ్యాంకు శాఖల్లో వాటిని పంచారు. పసిబిడ్డ దగ్గర్నుంచి పండు ముసలి దాకా తలా ఒకటి, రుసుము 25 రూబుళ్లు. మొత్తం 14 కోట్లకు పైగా వోచర్లు. దాని మీద ముఖ విలువ 10,000 రూబుళ్లని అచ్చు వేశారు. ఎవరి పేరూ ఉండదు. డబ్బు నోటులాగే ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. ఒక్కో వోచరు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని చుబైస్ అన్న మాటని రష్యన్లు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఏడాది డిసెంబరులో మాస్కోలోని బోల్షెవిక్ బిస్కట్ ఫ్యాక్టరీతో వేలాలు మొదలయ్యాయి. జీతాలు సరిగా రాని మనిషి చేతిలో ఎప్పుడో ఫలితమిచ్చే కాగితం పెడితే ఏం చేస్తాడు? మెట్రో స్టేషన్ల దగ్గర నిలబడి అమ్ముకున్నారు. కొందరు రెండు సీసాల వోడ్కాకి ఇచ్చేశారు. ఇంకొందరు జనం వోచర్లు పోగుచేసే ఫండ్లలో పెట్టారు, వాటిలో చాలా ఫండ్లు జాడ లేకుండా పోయాయి.

ఆ వేలాల్లో పలికిన ధరల్ని బట్టి లెక్కేస్తే రష్యా పరిశ్రమ మొత్తం విలువ 1,200 కోట్ల డాలర్ల లోపే తేలింది. ఒక్క అమెరికన్ కంపెనీ విలువతో పోల్చదగ్గ సంఖ్య అది. చమురు, గ్యాసు, నికెల్, అల్యూమినియం అన్నీ కలిపి! అత్యధిక కంపెనీల్లో 51 శాతం వాటా సిబ్బందికే ఇచ్చే పద్ధతిని ఎంచుకున్నారు. కార్మికులే యజమానులయ్యారని అప్పట్లో గొప్పగా రాశారు. అయితే వాటా ఉండడం వేరు, ఆ వాటా నీదని చెప్పే రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందన్నది వేరు. రిజిస్టరు డైరెక్టర్ ఆఫీసులో ఉండేది. 1994లో క్రస్నోయార్స్క్ అల్యూమినియం ఫ్యాక్టరీలో ట్రాన్స్-వరల్డ్ గ్రూపుకి చెందిన దాదాపు 20 శాతం వాటాని రిజిస్టరు నుంచి కొట్టేశారు. కోట్ల డాలర్ల ఆస్తి ఒక్క గీతతో పోయింది. పెద్ద అంతర్జాతీయ కంపెనీ వాటాకే దిక్కులేకపోతే, ఆ ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పనిచేసే మనిషి పేరుకి ఎవరు పూచీ? మా నాన్న ప్రశ్నకి జవాబు అక్కడుంది. కాగితం మీద కార్మికులవి, పెత్తనం డైరెక్టర్లది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ చట్టాలు ఎలా వచ్చాయి?

చాలా వరకు డిక్రీలతో వచ్చాయి. వోచర్ మీద ముద్రించిన బొమ్మ మాస్కోలోని వైట్ హౌస్‌ది, అంటే అప్పటి పార్లమెంటు భవనానిది. 1993 అక్టోబరు 4న అధ్యక్షుడు యెల్త్సిన్ ఆదేశం మీద ట్యాంకులు ఆ భవనం మీదే గుళ్లు కురిపించాయి. అప్పటికి ఆ వోచర్లు ఇంకా చెలామణిలోనే ఉన్నాయి. కొత్త రాజ్యాంగం వచ్చింది, డ్యూమా అనే కొత్త పార్లమెంటు సభ వచ్చింది. 1994 జూలైలో ప్రైవేటీకరణ రెండో విడత కార్యక్రమాన్ని ఆ కొత్త డ్యూమా కూడా ఆమోదించలేదు. జూలై 22న యెల్త్సిన్ దాన్ని డిక్రీగా ఇచ్చేశారు. ఓటుతో గెలవని సంస్కరణ సంతకంతో గెలిచింది. విదేశీ సలహాదారులకి ఇది అడ్డంకి తొలగడంలా కనిపించింది. నాకు మాత్రం అసలు నష్టం అక్కడే కనిపిస్తుంది. చట్టాన్ని గౌరవించే దేశాన్ని కట్టడానికి వచ్చినవాళ్లు, చట్టం చేసే సభని పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నారు. డిక్రీతో వచ్చింది ఇంకో డిక్రీతో పోతుందని రష్యాలో ప్రతి డైరెక్టరుకీ తెలుసు. అలాంటి చట్టానికి ఎవడు భయపడతాడు?

వేరే దారి లేదా అంటే, అదే మాస్కోలో అదే ఏళ్లలో ఉంది. 1991 చివర్లో అధ్యక్షుడి కింద ప్రైవేటు చట్టం పరిశోధన కేంద్రం ఒకటి ఏర్పడింది. సెర్గేయ్ అలెక్సేయెవ్ అనే పెద్ద న్యాయశాస్త్రజ్ఞుడు దానికి నాయకుడు. ఆస్తి, ఒప్పందాల లాంటి వ్యవహారాలకి మూలమైన రష్యా కొత్త సివిల్ కోడ్‌ని తయారు చేసింది ఈ కేంద్రమే. వాళ్లు కూడా విదేశీ సాయం తీసుకున్నారు, నెదర్లాండ్స్ న్యాయపండితులతో కూర్చుని చర్చించారు. కలం మాత్రం తమ చేతిలోనే ఉంచుకున్నారు. మొదటి భాగాన్ని 1994 అక్టోబరులో డ్యూమా ఆమోదించింది, 1995 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి యాజమాన్యం మీద ఉన్న 17వ అధ్యాయాన్ని డ్యూమాలో చాలామంది ఒప్పుకోలేదు. దాన్ని డిక్రీతో తోయలేదు, పక్కన ఆపి ఉంచారు. 2001లో గాని అది అమల్లోకి రాలేదు. సంస్కర్తలకి అది ఏడేళ్ల ఆలస్యం. నాకు అది ఏడేళ్ల వాదన. వాదించి ఒప్పుకున్న చట్టానికి వేళ్లుంటాయి. ఆ కోడ్‌కి తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి గానీ, దాని పునాది ఇవాళ్టికీ నిలిచే ఉంది.

డిక్రీల దారి పట్టిన బృందమూ, కోడ్ రాసిన బృందమూ ఒకచోట ఢీకొన్నాయి. మా వృత్తివాళ్లకి ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నా. 1993 డిసెంబరులో ఒక డిక్రీతో ఆంగ్లో-అమెరికన్ ట్రస్ట్ పద్ధతిని రష్యాలో దించేశారు. ఆస్తి ఒకరి పేరున, దాని ఫలం మరొకరికి. మనకైతే ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ అలవాటే. రష్యా చట్టం పుట్టిన యూరప్ సంప్రదాయంలో యాజమాన్యాన్ని అలా రెండుగా చీల్చడం కుదరదు. రష్యన్ జడ్జి ముందుకి అలాంటి కేసు వస్తే ఆయన చదివిన చదువులో దానికి చోటే లేదు. కోడ్ రాసినవాళ్లు ఇది చూసి, రెండో భాగంలో దాన్ని పక్కన పెట్టారు. ఆస్తి అసలు యజమానిదే, నిర్వహణ మాత్రం ఒప్పందం ప్రకారం మరొకరు చేస్తారు అనే పద్ధతి పెట్టారు. చట్టం రాసేవాడికి ముందు ఆ ఊరి జడ్జి తెలియాలి.

కంపెనీల చట్టం కథ ఇంకా బాధాకరమైనది. రాసినవాళ్లు నిజాయితీపరులు, తెలివైనవాళ్లు కూడా. బెర్నార్డ్ బ్లాక్, రైనియర్ క్రాక్‌మన్ అనే అమెరికన్ లా ప్రొఫెసర్లు ముసాయిదాలో సాయం చేశారు. 1995 చివర్లో చట్టమైంది, 1996 జనవరి 1న అమల్లోకి వచ్చింది. రష్యా కోర్టులు బలహీనమని వాళ్లకి ముందే తెలుసు. అందుకే కోర్టు దాకా వెళ్లకుండా, ఓటు బలంతోనే చిన్న వాటాదారు తనని తాను కాపాడుకునేలా నియమాలు అల్లారు. వెయ్యిమందికి పైగా వాటాదారులున్న కంపెనీల్లో డైరెక్టర్ల ఎన్నికకి క్యుములేటివ్ ఓటింగ్ తప్పనిసరి చేశారు. బోర్డులో 9 మంది ఉంటే ఒక్కో వాటాకి 9 ఓట్లు. అన్నీ ఒకరికే గుద్దొచ్చు. 10 శాతం కన్నా కాస్త ఎక్కువ వాటా ఉన్నవాళ్లు తమ మనిషిని ఒకరిని బోర్డులో కూర్చోబెట్టగలరు. మన 2013 కంపెనీల చట్టంలో 163వ సెక్షన్ ఇలాంటి వీలిస్తుంది, కానీ కంపెనీ ఇష్టపడితేనే. ఇన్నేళ్లలో నేను పనిచేసిన ఏ కంపెనీ అలా ఇష్టపడలేదు. రష్యా చట్టం ఈ విషయంలో మనకన్నా ముందుంది. 500 మందికి పైగా వాటాదారులుంటే రిజిస్టరు బయటి సంస్థ దగ్గరే ఉంచాలన్నారు. పెద్ద లావాదేవీలకి, సొంత మనుషులతో జరిపే లావాదేవీలకి ప్రత్యేక ఆమోదాలు పెట్టారు. చదివితే ముచ్చటేస్తుంది.

1999లో యూకోస్ చమురు కంపెనీ తన ఉత్పత్తి కంపెనీల్లో పెద్ద ఎత్తున కొత్త వాటాలు పుట్టించి, ఎక్కడో విదేశాల్లో ఉన్న ఊరూపేరూ లేని కంపెనీలకి ఇవ్వాలని తీర్మానాలు పెట్టింది. అలా చేస్తే పాత మైనారిటీ వాటాదారుల వాటా నీళ్లలో కలిసిపోతుంది. చట్టం ప్రకారం నాలుగింట మూడొంతుల ఓటు కావాలి, యూకోస్ దగ్గర అంత వాటా లేదు. అంటే రాసిన పద్ధతి ప్రకారం తీర్మానం వీగిపోవాలి. ఏం చేశారో చూడండి. వ్యతిరేకించే వాటాదారులు ఓటు వేయకుండా స్థానిక జడ్జి నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. వ్యతిరేక ఓటే లేని మీటింగులో తీర్మానం నెగ్గింది. కోర్టుతో పని లేకుండా నడవాలని రాసిన చట్టాన్ని కోర్టు కాగితంతోనే పడగొట్టారు. నేను ఎన్నో వాటాదారుల మీటింగుల్లో కూర్చున్నాను. తలుపు దగ్గర మనిషిని ఆపేసి లోపల చేతులెత్తించడం అంటే ఏమిటో నాకు బాగా అర్థమవుతుంది. రష్యా సెక్యూరిటీస్ కమిషన్ అధిపతి దిమిత్రి వాసిలియెవ్ ఈ వ్యవహారం మీద విచారణ చేయాలనుకున్నారు. అధికారాలు చాలలేదు, పైనుంచి అండ లేదు. 1999 అక్టోబరులో రాజీనామా చేశారు.

బ్లాక్, క్రాక్‌మన్‌ల గురించి ఒక మాట చెప్పాలి. మరుసటి ఏడాదే వాళ్లు తమ రష్యన్ సహచరి అన్నా తరసోవాతో కలిసి, రష్యాలో ప్రైవేటీకరణ ఎక్కడ చెడిందో సుదీర్ఘంగా రాశారు. నియంత్రణ సంస్థలు, కోర్టులు లేకుండా ఇంత పెద్ద పంపకం వేగంగా చేయడం తప్పన్నారు. తాము రాసిన చట్టం ఎక్కడెక్కడ విఫలమైందో కేసు కేసుగా చూపించారు. సలహాదారులు ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను వీళ్ల పేర్లే చెబుతాను.

హెచ్‌ఐఐడి మీద మోపినవి వేరే రకం ఆరోపణలు. ఆ ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు రష్యాలో పెట్టుబడులు పెట్టకూడదని నియమం. ష్లైఫర్ ప్రాజెక్టు నాయకుడు, హే మాస్కోలో దాన్ని నడిపినాయన. రష్యన్ కంపెనీల వాటాల్లో, ప్రభుత్వ బాండ్లలో ఈ ఇద్దరూ, వాళ్ల జీవిత భాగస్వాములూ డబ్బు పెట్టారన్నది అభియోగం. హే స్నేహితురాలు, తర్వాత ఆయన భార్య, నడిపిన కంపెనీకి రష్యాలో తొలి మ్యూచువల్ ఫండ్ లైసెన్సుల్లో ఒకటి దక్కింది. ఆ ఫండ్ల నియమాలు తయారుచేయడంలో సాయపడింది ఇదే ప్రాజెక్టు. 1997 మేలో యూఎస్‌ఎయిడ్ నిధులు ఆపేసింది. 2000లో హార్వర్డ్ ఆ ఇన్‌స్టిట్యూట్‌నే మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో బోస్టన్ ఫెడరల్ కోర్టులో ప్రభుత్వం కేసు వేసింది. 2004 జూన్‌లో జడ్జి డగ్లస్ వుడ్‌లాక్, హార్వర్డ్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందనీ, ష్లైఫర్, హే కలిసి ప్రభుత్వాన్ని మోసగించడానికి కుట్ర చేసినట్టేననీ తీర్పిచ్చారు. తను అమెరికాలో ఉండేవాణ్ణి కాబట్టి రష్యాలో నియమితుణ్ణి కాననీ, ఆ నియమం తనకి వర్తించదనీ ష్లైఫర్ వాదించారు. 2004 డిసెంబరులో జ్యూరీ ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ తర్వాతే రాజీ.

ఆ కేసులో వాది ఎవరో గమనించండి. అమెరికా ప్రభుత్వం. జరిగిన నష్టమంటే అమెరికా గ్రాంటు దుర్వినియోగమైన నష్టం. రాజీ సొమ్ము అంతా అమెరికా ఖజానాకే వెళ్లింది. రష్యా పౌరుడికి ఆ కోర్టులో కూర్చోవడానికి కుర్చీ లేదు. వాళ్ల ఆస్తి చట్టాలు, వాళ్ల వాటాల మార్కెట్, వాళ్ల భవిష్యత్తు మీద పనిచేసిన సంస్థని నిలదీసే హక్కు, దూరదేశంలో ఆ సంస్థకి డబ్బిచ్చిన ఆఫీసుకి మాత్రమే ఉంది. ఈ ఒక్క విషయం నన్ను మిగతా అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. ష్లైఫర్, హే ఆ షరతు పాటించి, ఒక్క డాలరు కూడా పెట్టుబడి పెట్టకుండా ఉన్నా, ఈ లోటు అలాగే ఉండేది.

విదేశీ సలహాదారులు అసలు వద్దని నేను అనడం లేదు. మన దగ్గర 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విజన్ 2020 పత్రాన్ని మెకిన్సే సాయంతో తయారుచేశారు. దాని మీద అసెంబ్లీలో, పేపర్లలో, టీకొట్ల దగ్గర ఎన్ని తగవులు పడ్డామో ఆ రోజుల్లో ఉన్నవాళ్లకి గుర్తే. 2004లో జనం ఆ ప్రభుత్వాన్ని ఓటేసి దింపారు. పత్రం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అడిగే వీలైతే ఉంది.

పోలండ్‌ని చూడండి. అక్కడి ఆర్థికమంత్రి లెషెక్ బాల్ట్‌సెరోవిచ్ 1990 జనవరి 1న మొదలుపెట్టిన సంస్కరణలు ధరల విషయంలో రష్యా కన్నా మెత్తనివేమీ కావు. ఆస్తుల పంపకం దగ్గర మాత్రం పార్లమెంటులో తగవు తెగలేదు. అందరికీ వాటాలిచ్చే కార్యక్రమం 1995 దాకా వాయిదా పడుతూ వచ్చింది, చివరికి 512 కంపెనీలతో సరిపెట్టుకున్నారు. ఈలోగా మార్కెట్ నియమాలు గట్టిపడ్డాయి. 1934 నాటి తమ సొంత వాణిజ్య కోడ్‌ని దుమ్ము దులిపి వాడుకున్నారు. 1991 ఏప్రిల్ 16న వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్ పాత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యాలయం భవనంలో ఐదే ఐదు కంపెనీలతో, వారానికి ఒక్క రోజు వ్యాపారంతో మొదలైంది. అదే ఏడాది బాల్ట్‌సెరోవిచ్ దంపతులు, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి ‘కేస్’ అనే పరిశోధన సంస్థ పెట్టారు. అది తర్వాత ఉక్రెయిన్, జార్జియా లాంటి దేశాలకీ సలహాలిచ్చింది. వాళ్లు తప్పులు చేయలేదని కాదు. తమ లెక్క తప్పితే తమ ఊళ్లోనే, తమ భాషలోనే తిట్లు తినాల్సిన మనుషులు వాళ్లు.

చెక్ రిపబ్లిక్ ఇంకో కొస. అక్కడ వాత్స్లావ్ క్లౌస్ నాయకత్వంలో వోచర్లు వేగంగా పంచారు, మార్కెట్‌పై కాపలా పెట్టడం మాత్రం తర్వాత చూద్దామనుకున్నారు. హార్వర్డ్‌లో చదివిన విక్టర్ కోజెనీ, యూనివర్సిటీతో ఏ సంబంధమూ లేకుండానే తన ఫండ్లకి హార్వర్డ్ పేరు పెట్టి లక్షల మంది వోచర్లు రాబట్టారు. కంపెనీలని లోపల్నుంచి తొలిచి ఖాళీ చేయడానికి చెక్ భాషలో ‘తునెలోవానీ’, అంటే సొరంగం తవ్వడం, అనే మాటే స్థిరపడింది. సెక్యూరిటీస్ కమిషన్ 1998లో గాని రాలేదు. పోలండ్ కట్టుదిట్టమే చెక్ స్వేచ్ఛకన్నా పెట్టుబడిదారుల్ని బాగా కాపాడిందని 2001లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసిన ముగ్గురిలో ఆండ్రే ష్లైఫర్ ఒకరు. ఆ వ్యాసం మంచి వ్యాసం. 1992లో మాస్కోలో ఆ ఆలోచన ఉండుంటే అని చదువుతున్నంతసేపూ అనిపించింది.

సంస్కర్తల వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. 1996లో కమ్యూనిస్టులు మళ్లీ గెలిచేలా కనిపించిన మాట నిజం. సమయం తక్కువ, ఆగితే దోచుకునేవాళ్లు ఆగరు. డ్యూమాలో కూడా డైరెక్టర్ల మనుషులే ఎక్కువ. రష్యా తన ఆదాయ స్థాయి దేశాలతో పోలిస్తే మామూలు దేశమేనని ష్లైఫర్ 2004లో మరొకరితో కలిసి రాశారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు చూశాక ఆ మాట ఎవరైనా అంటారా నాకు తెలియదు. తొందర వాదనకి నా జవాబు ఒకటే. దుకాణాలు, హోటళ్లు, లారీలు వేగంగా అమ్మండి, తప్పు లేదు. కానీ తొందరపడి ఇచ్చిన పెద్ద ఆస్తికి యజమానులైనవాళ్లే తర్వాత చట్టం బలపడకుండా అడ్డుకుంటారు. 1995 నవంబరులో నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా 17 కోట్ల డాలర్లకి వెళ్లింది. వేలం నిర్వహించిన ఒనెక్సిమ్ బ్యాంకే గెలిచింది. అంతకు రెట్టింపు పాట పాడినవాళ్లని సాంకేతిక కారణం చెప్పి తీసేశారు. అలా ఆస్తి దక్కినవాడు బలమైన కోర్టు కావాలని ఎందుకు కోరుకుంటాడు? ముందు ఆస్తి, తర్వాత చట్టం అన్న లెక్క అక్కడే తప్పింది.

ఇప్పుడు ఇదే పని ఉక్రెయిన్‌లో జరుగుతోంది. 2018లో అక్కడి పార్లమెంటు అవినీతి కేసుల కోసం ప్రత్యేక ఉన్నత కోర్టు పెడుతూ చట్టం చేసింది. జడ్జీల ఎంపికలో ఆరుగురు విదేశీ నిపుణులకి చోటిచ్చింది. అభ్యర్థి నిజాయితీ మీద సందేహముంటే అడ్డుకోగలిగే అధికారం వాళ్లకి ఉంది, అదీ పార్లమెంటు రాసిన చట్టం హద్దుల్లోనే. ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. ఆ ఇల్లు ఎలా కొన్నారు, ఆ కారు ఎవరి డబ్బు అని జడ్జీ కావాలనుకున్నవాళ్లని అడుగుతుంటే జనం చూశారు. 2019 సెప్టెంబరులో కోర్టు పని మొదలుపెట్టింది. 2023 మేలో ఏకంగా సుప్రీంకోర్టు అధిపతినే లంచం ఆరోపణ మీద అవినీతి నిరోధక సంస్థలు పట్టుకున్నాయి.

2025 జూలై 22న ఉక్రెయిన్ పార్లమెంటు ఆ దర్యాప్తు, ప్రాసిక్యూషన్ సంస్థల్ని ప్రాసిక్యూటర్ జనరల్ చేతి కిందికి తెచ్చే చట్టం చేసింది. దేశంలో యుద్ధం నడుస్తోంది, రాత్రుళ్లు డ్రోన్లు పడుతున్నాయి. అయినా ఆ సాయంత్రమే కీవ్‌లో కుర్రకారు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని వీధుల్లోకి వచ్చారు, తర్వాత మిగతా ఊళ్లలోనూ వచ్చారు. జూలై 31న అదే పార్లమెంటు ఆ సంస్థల స్వతంత్రత తిరిగిచ్చేస్తూ ఇంకో చట్టం చేసింది. యూరప్ ఒత్తిడి కూడా పనిచేసింది, కాదనను. కానీ ఆ పిల్లలు నిలబడింది తమ కళ్ల ముందు, తమ పార్లమెంటు చట్టంతో కట్టిన వ్యవస్థ కోసం. 1999లో వాసిలియెవ్ రాజీనామా చేసినప్పుడు ఆయన వెనక అలాంటి జనం లేరు. ఆయన కమిషన్ డిక్రీతో పుట్టింది, దానికి నిపుణుల సాయం విదేశీ గ్రాంటుతో వచ్చింది. వోచరు పుచ్చుకున్న 14 కోట్ల మందిలో దాన్ని తమదనుకునే కారణం ఎవరికీ ఎవరూ ఇవ్వలేదు.